జెంటూ లినక్స్ – నిత్య సంరక్షణ

జెంటూ అన్న మాట నేటి కంప్యూటరు విద్యార్థికి ఒక లినక్స్ వ్యవస్థ పేరు. రెండు వందల ఏండ్ల క్రితం మద్రాసులోని ఆంగ్లేయులకు అది తెలుగు భాష పేరు. 1816లో క్యాంబెల్ దొర తన తెలుగు వ్యాకరణాన్ని ప్రకటించినప్పుడు, ఈ భాషనే జెంటూ అంటారన్న వివరణను గ్రంథనామంలోనే చేర్చవలసి వచ్చినది. మరుసటి సంవత్సరం విలియం బ్రౌన్ తన గ్రంథానికి నేరుగా జెంటూ భాషా వ్యాకరణమనే పేరు పెట్టినాడు. అన్యమతస్థుడు అనే అర్థంగల పోర్చుగీసు పదం నుండి పుట్టిన మాట అది. ఆ కాలపు దొరలే హిందుస్తానీని, అనగా మన ఉర్దూను, 'మూర్స్' అనేవారు; 1772లో హాడ్లే ప్రకటించిన వ్యాకరణం పేరులో ఆ మాట కనిపిస్తుంది. మన కళాశాలలో ఒకే కప్పు క్రింద బోధింపబడుతున్న రెండు భాషలకూ వారు పెట్టిన పేర్లు వాడుకలో నుండి పోయినవి. వాటిలో మొదటిది ఒక పెంగ్విన్ పక్షికి కూడా పేరుగా ఉన్నది. పెంగ్విన్‌లలోకెల్లా నీటిలో అతివేగంగా ఈదేది ఆ పక్షి. లినక్స్‌కు ఆ పేరు వచ్చినది దాని మూలంగానే.

డానియల్ రాబిన్స్ అనే అమెరికను మొదట 'ఈనాక్' అన్న పేరుతో ఆరంభించిన ఈ వ్యవస్థ, 2002 మార్చి 31న జెంటూ తొలి పూర్ణరూపంగా వెలువడినది. దీని ప్రత్యేకత ఒక్కటే. తక్కిన లినక్స్ వ్యవస్థలలో పెక్కు, యంత్రభాషలోనికి ముందే మార్చి సిద్ధపరచిన ప్రోగ్రాములను మనకు అందిస్తాయి. జెంటూ మాత్రం ప్రోగ్రాము వ్రాసినవారి మూలపాఠాన్ని, అనగా సోర్స్ కోడును, దానిని ఏ విధంగా కంపైలు చేయాలో తెలిపే చిన్న వంటకపు చీటీని ఇచ్చి, ఆ పనిని మన యంత్రం చేతనే చేయిస్తుంది. ఆ చీటీ పేరు 'ఈబిల్డ్'. చీటీలన్నిటినీ నడిపించే పరికరం పేరు 'పోర్టేజ్'. మనం దానికిచ్చే ఆజ్ఞ 'ఎమర్జ్'. ఈ వ్యాసంలో ఆజ్ఞలను తెలుగు లిపిలో వ్రాస్తున్నాము. యంత్రానికి మాత్రం ఆంగ్ల లిపిలోనే ఇవ్వాలని చెప్పనక్కరలేదు.

నూజివీడు ప్రాంతంలో మామిడి తోటలు గలవారిలో రెండు తెగలున్నారు. ఒకరు తోటను పూత మీదనే వ్యాపారికి గుత్తకిచ్చి నిశ్చింతగా ఉంటారు. రెండవవారు మందు తామే కొట్టించుకుని, కాపు తామే కోయించుకుంటారు. మొదటివారికి శ్రమ లేదు, ఐతే చెట్టు మీద అధికారమూ లేదు. మేము చాట్రాయిలో ఒక పాత యంత్రం మీద జెంటూను నడుపుతూ రెండవ తెగలో చేరినాము. ఇందులో లాభమేమిటని అడిగేవారికి మా సమాధానం 'యూజ్ ఫ్లాగు'లు. ఏ ప్రోగ్రాములో ఏ అంగం ఉండాలో, ఏది అక్కరలేదో ఈ గుర్తుల ద్వారా మనమే నిర్ణయిస్తాము. ముద్రణయంత్రం లేనివారు దానికి సంబంధించిన భాగాన్ని కంపైలే చేయకుండా విడిచిపెట్టవచ్చు. వేగం మిక్కిలి పెరుగుతుందని కొందరు చెప్పేది మాత్రం మా అనుభవంలో అతిశయోక్తి.

నిత్యసంరక్షణ క్రమం పెద్దదేమీ కాదు. వారానికొకసారి 'ఎమర్జ్ సింక్' అని చీటీల భాండారాన్ని కొత్తది చేసుకోవాలి. రోజుకు ఒకసారికి మించి దీనిని చేయరాదని జెంటూవారి మర్యాద. తరువాత 'ఈసెలెక్ట్ న్యూస్' అన్న ఆజ్ఞతో వార్తలు చదవాలి. ఈ మెట్టును దాటవేసేవారే ఎక్కువ. చిక్కులలో పడేవారూ వారే. పెద్ద మార్పు రాబోతున్నప్పుడు ఏది ముందు చేయాలో, ఏది తరువాత చేయాలో ఆ వార్తలోనే వ్రాసి ఉంటుంది. అటుపిమ్మట 'వరల్డ్' అనే జాబితాను నవీకరించాలి. మనం కోరి తెచ్చుకున్న ప్రోగ్రాముల పేర్లు ఆ జాబితాలో ఉంటాయి. వాటికి ఆధారమైనవి లోతుగా వెదకబడతాయి. ఆజ్ఞకు 'ఆస్క్' అన్న మాటను తప్పక చేర్చాలి. అప్పుడు పోర్టేజ్ తాను చేయబోయే పనినంతా ముందుగా చూపి అనుమతి అడుగుతుంది. ఆ పట్టికను చదవకుండా ఔనని కొట్టడం, దస్తావేజు చదవకుండా వేలిముద్ర వేయడం వంటిది.

నవీకరణ ముగిసిన తరువాత 'డిస్పాచ్ కాన్ఫ్' పని ఉంటుంది. మనం దిద్దుకున్న అమరిక ఫైళ్ళను పోర్టేజ్ తనంతట తాను తుడిచివేయదు. కొత్త ప్రతిని ప్రక్కన ఉంచి, రెంటి భేదాలను చూపి, ఏది కావాలో అడుగుతుంది. చివరకు 'డిప్‌క్లీన్'. కాపు అయిన తరువాత తోటలో ఎండుపుల్లలు కత్తిరించినట్లు, ఎవరికీ అక్కరలేని భాగాలను ఇది తొలగిస్తుంది. కత్తిరించేముందు కొమ్మ ఎండినదో పచ్చిదో చూడడం అవసరం. తాత్కాలికంగా ఒక భాగాన్ని తిరిగి కంపైలు చేయవలసినప్పుడు 'వన్‌షాట్' అన్న మాటను చేర్చకపోతే అది వరల్డ్ జాబితాలోనికి ఎక్కి కూర్చుంటుంది. అట్లు కొంతకాలం గడిస్తే ఏది మన కోరిక, ఏది పొరపాటు అన్నది తెలియదు.

ఇక మన ప్రాంతపు ప్రధాన శత్రువు, కరెంటు. లిబ్రాఫీసు వంటి పెద్ద ప్రోగ్రాము పాత యంత్రం మీద గంటల తరబడి కంపైలవుతుంది. మధ్యలో కరెంటు పోతే సర్వం నాశనమవుతుందని క్రొత్తవారు భయపడతారు. నిజానికి కంపైలు జరిగేటప్పుడు పోర్టేజ్ అసలు వ్యవస్థను ముట్టుకోదు. పనినంతా వేరొక చోట పూర్తిచేసి, చివరి నిమిషాలలోనే ఫైళ్ళను వాటి స్థానాలకు చేరుస్తుంది. కంపైలు మధ్య కరెంటు పోతే పోయేది కాలం మాత్రమే. తిరిగి వచ్చిన తరువాత 'ఎమర్జ్ రెస్యూమ్' అంటే, అప్పటికి పూర్తయిన ప్రోగ్రాములను విడిచి మిగిలినవాటిని అందుకుంటుంది. ఆ చివరి నిమిషాలే ప్రమాదకరం.

ఒక యేడు ఆ చివరి నిమిషాలలోనే మాకు కరెంటు పోయినది. పత్రిక ఉర్దూ విభాగం, తెలుగు విభాగం రెండూ ఆ యంత్రంలోనే ఉన్నాయి. ప్రూఫులు దిద్దుటకు మిగిలినది రెండు దినాలు. కరెంటు తిరిగి వచ్చి యంత్రాన్ని నడిపితే చిత్రమయమైన తెర రాలేదు. నల్లని తెర మీద అక్షరాలు మాత్రం వచ్చినవి. మేము కంగారుపడి, వ్యవస్థనంతా మరల నవీకరిస్తే సరి అనుకుని సింక్ చేయబోయినాము. అవతలి సర్వరు ధ్రువపత్రం చెల్లదని జవాబు వచ్చినది. లోపం ఇంటర్నెట్టుదని తలచి ఆ సాయంత్రమంతా తీగలు పీకి తగిలించినాము. మరునాడు ఉదయం గాని, మొదటి ప్రోగ్రాము చెప్పిన మొదటి మాటను శ్రద్ధగా చదవలేదు. హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ ఫైలు మరీ పొట్టిగా ఉన్నదని అది మొదటినుండీ చెబుతూనే ఉన్నది. తీసి చూస్తే ఆ ఫైలు పేరు ఉన్నది, లోపల ఏమీ లేదు. దానిని స్థానంలో పెడుతున్న క్షణంలోనే కరెంటు పోయినది.

హార్ఫ్‌బజ్ గురించి ఒక మాట. తెలుగులో హల్లు క్రింద ఒత్తును చేర్చేది, ఉర్దూలో అక్షరాన్ని దాని స్థానాన్ని బట్టి మలచి నస్తాలీఖ్ వాలులో కూర్చేది ఈ ఒక్క లైబ్రరీయే. దీని పేరు ఫార్సీ. హర్ఫ్ అనగా అక్షరం, బాజ్ అనగా తెరచియున్నది. ఓపెన్‌టైప్ అన్న ఆంగ్లనామానికి అది ఫార్సీ అనువాదం. మా ఉర్దూ మిత్రులు ఈ సంగతి విని, చిక్కులో ఉండికూడా, నవ్వినారు. మూసుకొనిపోయిన హర్ఫ్ బాజ్ అది.

సోర్స్ కోడు యంత్రంలోనే నిలువ ఉన్నది కనుక, వన్‌షాట్ పద్ధతిలో హార్ఫ్‌బజ్‌ను తిరిగి కంపైలు చేయబోయినాము. అదీ ఆగిపోయినది. ఈసారి మాత్రం చదివినాము: ఫలానా ఫైలు భవిష్యత్తులో పుట్టినట్లున్నది, గడియారంలో తేడా ఉన్నది అని సందేశం. 'డేట్' అని అడిగితే యంత్రం తాను 2010 జనవరిలో ఉన్నానని చెప్పినది! మదర్‌బోర్డు మీద నాణెమంత బ్యాటరీ, సీఆర్ 2032, ఎన్నడో ప్రాణం విడిచినది. గోడ కరెంటు ఉన్నంతకాలం ఆ సంగతి బయటపడలేదు. క్రిందటి సాయంత్రం ధ్రువపత్రం చెల్లకపోవుటకూ కారణం అదే. 2010లో ఉన్న యంత్రానికి నేటి ధ్రువపత్రం ఇంకా అమలులోనికి రానిది గదా! తేదీ సరిచేసి మరల ఆజ్ఞ ఇచ్చినాము. కొద్ది నిమిషాలలో హార్ఫ్‌బజ్ తయారైనది, తెర వచ్చినది, ఒత్తులు వచ్చినవి, నస్తాలీఖ్ వచ్చినది. ఆ తరువాత 'క్యూచెక్' అనే పరికరంతో వ్యవస్థలోని ఫైళ్ళన్నిటినీ వాటి నమోదైన ముద్రలతో పోల్చిచూస్తే మరి రెండు ఫైళ్ళు ఖాళీగా కనిపించినవి. వాటి ప్రోగ్రాములనూ తిరిగి కంపైలు చేసినాము. ప్రూఫులు గడువులోగా ముగిసినవి. బ్యాటరీ నూజివీడు నుండి తెప్పించినాము.

కంపైలు ఆగిపోయినప్పుడు తెర చివరి వరుసలను పట్టుకుని వెదకడం సాధారణంగా జరిగే పొరపాటు. చివరి వరుస 'విఫలమైనది' అని మాత్రమే చెబుతుంది. ఒకేసారి నాలుగు పనులు నడుస్తున్నప్పుడు అసలు తప్పు వందల వరుసల పైన ఉండవచ్చు. ప్రతి ప్రయత్నానికి 'బిల్డ్ లాగ్' అనే ఫైలు ఉంటుంది. దానిలో పైనుండి క్రిందికి వస్తూ తటస్థపడే మొదటి తప్పును చదవాలి. అది తెలియనప్పుడు 'మేక్ ఆప్ట్స్' అమరికలో పనుల సంఖ్యను 1కి తగ్గించి తిరిగి నడిపితే వరుసలు కలగాపులగం కాకుండా ఉంటాయి.

కంపైలరు చంపబడినది అన్న మాట కనిపిస్తే ప్రోగ్రాములో దోషం లేదు. జ్ఞాపకశక్తి చాలక లినక్స్ కెర్నెలే దానిని ఆపినది. ఒక్కొక్క పనికి 2 గిగాబైట్ల ర్యామ్ చొప్పున లెక్కవేసుకోవాలి. 4 గిగాబైట్ల యంత్రం మీద 2 పనులకు మించి పెట్టడం ఆశ. డిస్కులో చోటు లేదన్న మాట వస్తే 'ఈక్లీన్' ఆజ్ఞతో పాత సోర్స్ కోడు మూటలను తీసివేయవచ్చు. దిగుమతి చేసిన మూట ముద్ర కలియలేదంటే సగంలో తెగిన దిగుమతి అయి ఉండవచ్చు. ఆ మూటను తీసి మరల తెచ్చుకోవాలి.

కంపైలరు తానే కూలిపోయినప్పుడు మేము ఒక పరీక్ష చేస్తాము. అదే ప్రోగ్రామును మూడుసార్లు కంపైలు చేస్తాము. మూడుసార్లూ ఒకే చోట ఆగితే దోషం సోర్స్ కోడులోనో కంపైలరులోనో ఉన్నది. ఇతరులకూ వచ్చి ఉంటుంది, పరిష్కారం దొరుకుతుంది. ప్రతిసారి వేరొక చోట ఆగితే యంత్రాన్నే అనుమానించాలి: ర్యామ్, లేదా వేడి. రోహిణీ కార్తె ఎండలలో మా యంత్రం మధ్యాహ్నం కూలి, రాత్రి నిక్షేపంగా కంపైలు చేసేది. మూత విప్పి, ఫ్యాను రెక్కల మధ్య గడ్డకట్టిన దుమ్మును దులిపిన తరువాత మధ్యాహ్నం కూడా చేసినది.

ఆలస్యం విషయంలో మేము ఇతరులకు బుద్ధి చెప్పగలవారము కాము. మామిడి కోతల కాలంలో మూడు నాలుగు నెలలు యంత్రం ముఖం చూడనివారము మేమే. పూత మీద కనిపెట్టని తేనెమంచు పురుగును పిందె మీద కనిపెట్టి ఏమి చేయగలము? పైథాన్ కొత్తరూపం వచ్చి పాతది పోయే మధ్యకాలంలో నవీకరించినవారికి అది చిన్న పని. ఆ కాలం దాటివచ్చినవారికి పోర్టేజ్ ఒకదానికొకటి అడ్డుపడే కోరికల జాబితాను పుటలకొద్దీ చూపిస్తుంది. 2024 మార్చిలో 23.0 అనే కొత్త ప్రొఫైలు వచ్చినప్పుడు వ్యవస్థనంతా తిరిగి కంపైలు చేయవలసి వచ్చినది. వార్తలోని మెట్లను వరుస తప్పక చేసినందున మాకు అది ఐదు రాత్రులలో ముగిసినది. పగలు ఎండ, రాత్రి కరెంటు. రెంటి నడుమ చూచుకుని చేసినాము.

అన్నిటినీ స్వహస్తాలతోనే చేయాలన్న పట్టుదల ఇప్పుడు అనవసరం. 2023 డిసెంబరు 29న జెంటూవారే, కోరినవారికి ముందే కంపైలు చేసిన ప్రోగ్రాములను కూడా అందించడం ప్రారంభించినారు. లిబ్రాఫీసును మేమిప్పుడు అట్లే తెచ్చుకుంటున్నాము. కెర్నెలు, కంపైలరు, హార్ఫ్‌బజ్ మాత్రం మా యంత్రమే చేసుకుంటుంది. మేము కంపైలు చేసినవాటికి 'బిల్డ్ ప్యాకేజ్' అమరిక ద్వారా ఒక్కొక్క మూట చొప్పున విడి డిస్కులో దాచుకుంటున్నాము. ఆనాడు అది ఉండినట్లయితే హార్ఫ్‌బజ్‌ను తిరిగి పెట్టుటకు అర నిమిషం చాలేది. నడుస్తున్న కెర్నెలు ప్రక్కన క్రిందటి కెర్నెలును కూడా ఉంచుతాము. యంత్రం బొత్తిగా లేవని దినానికై ఒక యూఎస్‌బీ పుల్ల మేజా సొరుగులో ఉన్నది. దానితో యంత్రాన్ని నడిపి, 'క్రూట్' అనే ఆజ్ఞతో పడిపోయిన వ్యవస్థలోనికి బయటినుండి ప్రవేశించవచ్చు. ఆ పుల్లలోనే పత్రిక రెండు విభాగాల ప్రతులూ ఈ యేడు నుండి చేరినవి.