ఆస్పెన్ అడవి బఠాణి: చెట్ల నీడలో పెరిగే బహువార్షిక పశుగ్రాసం

అమెరికా సంయుక్త రాష్ట్రాల పశ్చిమ పర్వత ప్రాంతాలలో, ముఖ్యంగా కొలరాడో, యూటా రాష్ట్రాల ఆస్పెన్ అడవులలో సహజసిద్ధంగా పెరిగే పప్పుజాతి మొక్క ఆస్పెన్ అడవి బఠాణి. దీని శాస్త్రీయ నామం లాథిరస్ లాంజ్‌వెర్టీ. మనకు తెలిసిన కేసరి పప్పు కూడా ఈ లాథిరస్ ప్రజాతిలోనిదే. అయితే కేసరి ఏకవార్షికం, ఇది బహువార్షికం.

మొక్క లక్షణాలు

భూమిలో అడ్డంగా పాకే కొమ్ము ఈ మొక్కకు ఆధారం. శీతాకాలంలో పైభాగం ఎండిపోయినా, మంచు కరిగిన తరువాత కొమ్ము నుండి కొత్త పిలకలు వస్తాయి. సంయుక్త పత్రం చివర నులితీగ ఉంటుంది. కొన్ని రకాలలో అది చిన్న ముల్లువలె కుదించుకొనిపోతుంది. పూలు తెలుపు లేదా లేత ఊదా రంగులో ఉంటాయి.

ఇవే అడవులలో పెరిగే అమెరికన్ వెచ్ మొక్క చూపులకు దీనిని పోలి ఉంటుంది. పూవును విప్పి కీలాన్ని పరిశీలిస్తే తేడా తెలుస్తుంది. అడవి బఠాణిలో కీలం బల్లపరుపుగా ఉండి, పళ్ల బ్రష్షువలె ఒక వైపు మాత్రమే నూగు కలిగి ఉంటుంది. వెచ్‌లో కీలం చివర చుట్టూ నూగు ఉంటుంది.

నేలకు, పశువులకు ప్రయోజనం

ఆస్పెన్ ఆకుల మధ్య నుండి తగినంత వెలుతురు నేలకు చేరుతుంది. ఆ పలుచని నీడలో ఈ మొక్క గుబురుగా పెరుగుతుంది. వేరు బుడిపెలలోని రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని స్థిరీకరిస్తుంది. శరదృతువులో రాలిన ఆకులు, ఎండిన కాండాలు కుళ్లి, ఆ నత్రజనిలో కొంత నేలకు చేరుతుంది.

పశువులు, గొర్రెలు, జింకలు దీనిని మేస్తాయి. సమస్య ఇక్కడే మొదలవుతుంది. చిగురించిన ప్రతిసారీ మేపితే కొమ్ములోని ఆహార నిల్వలు తరిగి, మొక్క క్రమంగా క్షీణిస్తుంది. పశువులు ముట్టని మొక్కలు ఆ స్థానాన్ని ఆక్రమిస్తాయి. నేల పచ్చగానే కనిపించడంవలన ఈ నష్టం వెంటనే బయటపడదు.

జాగ్రత్త

లాథిరస్ ప్రజాతిలోని పలు జాతుల గింజలలో విషపదార్థాలుంటాయి. కేసరి పప్పును దీర్ఘకాలం ప్రధానాహారంగా తింటే కాళ్లు చచ్చుబడే లాథిరిజం వ్యాధి వస్తుంది. ఈ కారణంగానే భారతదేశంలో 1961లో దాని అమ్మకాన్ని నిషేధించే నియమం వచ్చింది. కాబట్టి అడవి బఠాణి గింజలను ఆహారంగా భావించరాదు.

ముగింపు

చల్లని పర్వతాలకు చెందిన ఈ మొక్క తెలుగు రాష్ట్రాలలో సాగుకు అనువైనది కాదు. అయినా ఇది చెప్పే సూత్రం చెట్ల మధ్య గ్రాసం పెంచే ప్రతి చోటా వర్తిస్తుంది: బహువార్షిక పప్పుజాతి గ్రాసానికి మేతకు మేతకు మధ్య విరామమివ్వాలి. ఆ విరామంలోనే భూమిలోని కాండం తిరిగి బలం పుంజుకొంటుంది.