రుద్రంగి వంటింట్లో పాలియో

పాలియో వంటలనగానే బాదం పిండి, అవకాడో, ఆలివ్ నూనె కొనడానికి బయల్దేరుతారు చాలామంది. మా రుద్రంగికి దగ్గర్లోని కోరుట్ల అంగడిలో దొరకనిదేదీ దీనికి అక్కర్లేదని నేను గట్టిగా చెప్తాను.

సేద్యం నేర్వకముందు మనుషులు తిన్నట్టు తినాలన్నది పాలియో పద్ధతి. మాంసం, చేపలు, గుడ్లు, ఆకుకూరలు, కూరగాయలు, పండ్లు, నువ్వుల్లాంటి గింజలు తినొచ్చు. బియ్యం, జొన్న, మక్క, పప్పులు, పాలు, చక్కెర మానాలి. పల్లీలూ పప్పుజాతివే కాబట్టి అవీ వద్దు. 1985లో ఈటన్, కోనర్ అనే పరిశోధకులు అమెరికా వైద్యపత్రికలో రాసిన వ్యాసంతో ఈ ఆలోచనకు బలమొచ్చింది. 2002లో లోరెన్ కార్డేన్ పుస్తకంతో ఇళ్లలోకి వచ్చింది. మన దగ్గర పేరుపడ్డ వీరమాచనేని రామకృష్ణ గారి పద్ధతి దీనికి దగ్గరి చుట్టమే కానీ, రెండూ ఒకటి కావు. అందులో రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, 3 నిమ్మకాయలు, 4 లీటర్ల నీళ్లు అని లెక్క ఉంటుంది. పనీర్, చీజ్ తినొచ్చు. పాలియోలో ఆ కొలతలూ లేవు, పాలపదార్థాలూ లేవు.

మా ఆయన దుబాయ్ నుంచి షుగర్‌తో తిరిగొచ్చిన తర్వాత నేను ఈ వంటలు మొదలుపెట్టాను. గల్ఫ్ నుంచి ఇట్లా వచ్చినవాళ్లు మావైపు ఇంకా ఉన్నారు. "అన్నం లేకుంట తిండేంది బిడ్డా?" అన్నది అత్తమ్మ. ఆమెను ఒప్పించింది సొరకాయ సర్వపిండి.

సొరకాయ తురిమి, ఉప్పు కలిపి కాసేపు ఉంచితే నీళ్లూరుతాయి. బట్టలో వేసి గట్టిగా పిండాలి. ఇక్కడ బద్ధకిస్తే మిగతాదంతా పాడు. ఆ తురుములో రెండు గుడ్లు, గుప్పెడు నువ్వులు, ఉల్లాకు, పచ్చిమిర్చి, కరివేపాకు, జీలకర్ర కలపాలి. గంజు అడుగున నువ్వుల నూనె రాసి, పలుచగా పరిచి, మూతపెట్టి సన్నమంట మీద ఉంచాలి. బియ్యప్పిండితో అయితే అద్దగానే వేలితో బొక్కలు పెడతాం. ఇది జారుడుగా ఉంటుంది కాబట్టి గుడ్డు సగం గట్టిపడ్డాక గరిటె కాడతో బొక్కలు పెట్టి, ఒక్కోదాంట్లో చుక్క నూనె వదలాలి. అంచులు ఎర్రబడి గంజును విడిచేదాకా కదపొద్దు. కరకర రాదు కానీ నువ్వుల కమ్మదనం అచ్చం మన సర్వపిండిదే. బెల్లం వేయని పచ్చిపులుసు పక్కన పెడితే అత్తమ్మ మళ్లీ అడిగి తిన్నది.

చింతచిగురు మటన్, కాళ్ల పులుసు ఎట్లాగూ మనవే. వాటిలో మార్చాల్సింది పక్కన అన్నం ఒక్కటే. గంగవాయిలి కూరను పప్పులో కాకుండా కీమాలో వేసి చూడండి, ఆ పులుపు కొవ్వుకు బాగా కుదురుతుంది. అన్నం బదులు గోబీ తురుము మూత పెట్టకుండా వేయించుకోవచ్చు. నూరు గ్రాముల అన్నంలో 28 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటే పచ్చి గోబీలో 5 గ్రాములే.

అయితే రాతియుగం పేరు చెప్పి జొన్నను తిట్టడం నాకు నచ్చదు. మొజాంబిక్‌లోని ఒక గుహలో దాదాపు లక్షేళ్ల నాటి రాతి పనిముట్ల మీద జొన్నజాతి పిండి ఆనవాళ్లు దొరికాయని 2009లో సైన్స్ పత్రికలో వచ్చింది. మా ఇంట్లో ధాన్యం తగ్గించింది షుగర్ కోసం, అంతే. పిల్లలకు జొన్నరొట్టె చేస్తూనే ఉన్నాను.

ఖర్చు సంగతీ చెప్పాలి. రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా వస్తున్నచోట రోజూ మటన్ అనడం న్యాయం కాదు. మా ఇల్లు గుడ్ల మీద, పరక చేపల మీద, ఆకుకూరల మీదే నడుస్తుంది. ముల్లుతో నమిలే పరకలు, నువ్వులు పాలు మానినవాళ్లకు కొంత కాల్షియం కూడా ఇస్తాయి.

షుగర్‌కు గ్లిమిపిరైడ్ లాంటి గోలీలు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఒక్కసారిగా అన్నం మానేస్తే షుగర్ 70 కంటే కిందికి పడిపోయి చెమటలు, వణుకు రావచ్చు. కిడ్నీ జబ్బున్నవాళ్లు అడగకుండా మాంసం పెంచొద్దు. గంజు పొయ్యి మీద పెట్టేముందు మీ మందుల చీటీ డాక్టరుకు చూపించండి.