మాక్ కంప్యూటరులో విండోస్ సర్వైవల్ హారర్ ఆటలు

విండోస్ కొరకు తయారైన సర్వైవల్ హారర్ ఆటలను ఆపిల్ వారి మాక్ కంప్యూటరులో నడుపుటకు పలు పద్ధతులు కలవు. భయము గొలుపు పరిసరాలలో, చాలీచాలని ఆయుధములతో, మందులతో ప్రాణములు కాపాడుకొనవలసిన ఆటలను సర్వైవల్ హారర్ అంటారు. 1996లో జపాను సంస్థ క్యాప్‌కామ్ విడుదల చేసిన రెసిడెంట్ ఈవిల్ ఈ పేరును వ్యాప్తిలోనికి తెచ్చినది.

సమస్య

విండోస్ ఆట తెరపై బొమ్మలు గీయుటకు డైరెక్ట్‌ఎక్స్‌పై ఆధారపడును. మాక్‌లో అది లేదు. దాని స్థానములో మెటల్ ఉన్నది. 2020 నుండి మాక్‌లలో ఇంటెల్‌కు బదులు ఆపిల్ సొంత ప్రాసెసర్లు రావడముతో ప్రోగ్రాము భాష కూడా వేరైనది.

పద్ధతులు

* బూట్ క్యాంప్: 2006లో వచ్చినది. మాక్‌లోనే విండోస్‌ను విడిగా స్థాపించును. ఇంటెల్ మాక్‌లలో మాత్రమే పనిచేయును.
* వైన్: 1993లో మొదలైన ఉచిత సాఫ్టువేరు. ఇందులో విండోస్ ఉండదు. ఆట విండోస్‌ను కోరిన పనులను ఇది మాక్ చేత చేయించును. క్రాస్‌ఓవర్ దీనిపై ఆధారపడిన, వెల చెల్లించవలసిన సాఫ్టువేరు.
* గేమ్ పోర్టింగ్ టూల్‌కిట్: ఆట తయారీదారుల కొరకు ఆపిల్ 2023లో విడుదల చేసినది. డైరెక్ట్‌ఎక్స్ 11, 12 ఆదేశములను మెటల్‌లోనికి మార్చును.

రెసిడెంట్ ఈవిల్ విలేజ్ (2022), రెసిడెంట్ ఈవిల్ 4 కొత్త రూపము (2023) నేరుగా మాక్ కొరకే వెలువడినందున వాటికి ఈ పద్ధతులు అక్కరలేదు.

పాత ఆటలు

2019లో వచ్చిన మాక్ ఓఎస్ కాటలీనా 32-బిట్ ప్రోగ్రాములను తొలగించినది. దీనితో మాక్ కొరకే తయారైన ఎన్నో పాత ఆటలు ఆగిపోయినవి. విచిత్రమేమనగా, అదే కాలపు 32-బిట్ విండోస్ ఆటలు క్రాస్‌ఓవర్ ద్వారా ఇప్పటికీ నడుచుటకు అవకాశము కలదు. 2002లో విండోస్‌కు వచ్చిన సైలెంట్ హిల్ 2 వంటి, మాక్ రూపము లేని ఆటలకు ఇట్టి మార్గములే దిక్కు.

కొత్త మాక్‌లలో ఈ మార్గము ఇంటెల్ ప్రోగ్రాములను అనువదించు రోజెట్టా 2పై ఆధారపడి ఉన్నది. మాక్ ఓఎస్ 27 తరువాత దీనిని కుదించి, పాత ఆటలకు అవసరమైన కొంత భాగమునే ఉంచెదమని ఆపిల్ 2025లో ప్రకటించినది. కనుక పాత ఆటల మనుగడ ఆ మిగులు భాగముపై ఆధారపడవచ్చును.

జాగ్రత్తలు

వైన్ తన ఫోల్డరులో ఒక కృత్రిమ 'సి' డ్రైవును ఏర్పరచును. ఆటలో భద్రపరచిన ప్రగతి సాధారణముగా అందులోనే ఉండును. ఆ ఫోల్డరు తొలగించినచో అదియు పోవును. తొలి రెసిడెంట్ ఈవిల్‌లో ప్రగతిని భద్రపరచుటకు టైపురైటరు రిబ్బన్లు పరిమితముగా దొరకును. అట్లు కష్టపడి దాచినది పోకుండ ముందుగా నకలు తీసి ఉంచుకొనుట మంచిది.