కుండీలో మిరపకి కావాల్సింది కాల్షియమా... నీళ్లా?

మిద్దెతోటలో పదిమందిని అడిగి చూడండి, తొమ్మిదిమంది ఇంట్లో కోడిగుడ్డు పెంకుల డబ్బా ఒకటి ఉంటుంది. ‘మిరపకి కాల్షియం కావాలట’ అని ఎవరో చెప్పి ఉంటారు. పెంకులు నలిపి వేస్తారు, మిగిలిన పాలు పోస్తారు, ఇంకొందరైతే తాంబూలం సున్నం కలిపిన నీళ్లు కూడా పోసేస్తారు. అయినా క్యాప్సికమ్ కాయ కింద నల్లమచ్చ పడుతూనే ఉంటుంది. ఇంత చేసినా ఎందుకిలా? నిజానికి చాలా కుండీల్లో కాల్షియానికి కరవు ఉండదు. అది కాయదాకా వెళ్లడం లేదు, అంతే!

మచ్చ ఎక్కడుందో చూడండి

కాల్షియం చాలనప్పుడు కాయ కింది కొన దగ్గరో, కొనకి ఆనుకుని పక్కనో మచ్చ వస్తుంది. కాయ పచ్చిగా ఉండగానే మొదలవుతుంది. ముందు నీళ్లు పట్టినట్టు ఉండి, తర్వాత గోధుమరంగుకి తిరిగి, ఎండి తోలులా తయారవుతుంది. దానిమీద బూజు పడితే నల్లబడుతుంది. లావుగా, కండతో ఉండే క్యాప్సికమ్‌కీ, పొడవు కాయల రకాలకీ ఈ బెడద ఎక్కువ. సన్నకాయల మిరపలో తక్కువే.

ఎండ తగిలే వైపు మాత్రమే తెల్లగా పాలిపోయి ఉంటే అది ఎండదెబ్బ. పండుతున్న కాయమీద గుండ్రంగా, వలయాలతో, గుంట పడిన మచ్చలుంటే కాయకుళ్లు తెగులు. ఈ రెండింటికీ కాల్షియం మందు కాదు.

ఆకుముడత సంగతి కూడా తేల్చుకోవాలి. ఆకులు ముడుచుకోగానే కాల్షియం తక్కువైందని కొట్టుకెళ్లేవాళ్లు చాలామంది. మన రైతులు ఎప్పటినుంచో చెప్పేది వేరు. ఆకు అంచులు దోనెలా పైకి ముడుచుకుంటే ‘పై ముడత’, అది తామరపురుగుల పని. తిరగేసిన పడవలా కిందికి ముడుచుకుంటే ‘కింది ముడత’, అది నల్లి పని. ఆకు వెనక్కి తిప్పి చూడండి. పురుగుంటే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున తడిసేలా కొట్టాలి. పెంకుల పొడి ఎంత వేసినా నల్లి పోదు.

నీటితోనే ప్రయాణం

మొక్కలో కాల్షియం నీటి వెంటే పైకి ఎక్కుతుంది. ఆకుల నుంచి నీరు ఆవిరవుతుంటే వేళ్లు నీటిని లాగుతాయి, ఆ నీటితో కాల్షియమూ వస్తుంది. కాయ తొక్క నున్నగా మైనం పూసినట్టు ఉంటుంది కాబట్టి దాన్నుంచి ఆవిరయ్యే నీరు కొంచెమే. అందుకే వచ్చినదాంట్లో సింహభాగం ఆకులకే పోతుంది. పైగా ఒకసారి ఆకులో చేరిన కాల్షియం మళ్లీ కాయకి రాదు. రెండు రోజులు కుండీ ఎండిందంటే ఆకులు వాడి మళ్లీ కోలుకుంటాయి గానీ, అప్పుడే పిందె కట్టి పెరుగుతున్న కాయకి జరిగిన నష్టం పూడదు. మచ్చ తర్వాతెప్పుడో బయటపడుతుంది.

నేలలో మొక్కకి లోతుగా వేళ్లు పాకే చోటుంటుంది. కుండీకి ఆ వీలు లేదు. ఏప్రిల్, మే నెలల్లో మన డాబాలమీద చిన్న కుండీ పొద్దున తడిపితే సాయంత్రానికి ఎండిపోతుంది. కాబట్టి మొదటి మందు నీళ్లే.

* మిరపకి కనీసం 12 అంగుళాల కుండీ వాడండి.
* వేలు రెండు అంగుళాలు లోపలికి గుచ్చి చూడండి. పొడిగా ఉంటే అడుగు రంధ్రం నుంచి కారేదాకా పోయండి. తడిగా ఉంటే ఆగండి. ఎప్పుడూ బురదగా ఉన్నా వేళ్లు కుళ్లి కాల్షియం అందదు.
* మట్టిమీద ఎండుటాకులు రెండు అంగుళాల మందాన పరవండి. మండు వేసవిలో షేడ్ నెట్ కట్టండి.
* కోకోపీట్ బాగా ఎండితే నీళ్లు పక్కనుంచి జారిపోతాయి. అలాంటప్పుడు కుండీని నీళ్ల టబ్బులో కాసేపు ఉంచితే అడుగునుంచి పీల్చుకుంటుంది.

అడ్డుపడేవీ ఉన్నాయి

ఆకులు పచ్చగా రావాలని యూరియా ఎక్కువ వేస్తే ఆకుల జోరు పెరుగుతుంది, కాయ వాటా తగ్గుతుంది. ఎప్సమ్ సాల్ట్‌లో ఉండేది మెగ్నీషియం, కాల్షియం కాదు. అది శ్రుతిమించితే కాల్షియాన్నే అడ్డుకుంటుంది. ఉప్పు సరిగా కడగని కోకోపీట్ కూడా కాల్షియాన్ని తనలో పట్టి ఉంచుకుంటుంది. కొన్న కోకోపీట్‌ని రెండుమూడు నీళ్లు మార్చి కడిగాకే కలపండి.

నిజంగానే వేయాల్సి వస్తే...

నల్లరేగడిలో కాల్షియం సాధారణంగా బాగానే ఉంటుంది. బోరునీళ్లు పోస్తూ, బక్కెట్ అంచున తెల్లటి పొర కడుతుంటే మీ మొక్కకి రోజూ సున్నం అందుతున్నట్టే. ఎర్రమట్టి, కోకోపీట్ కలిపి, వాననీళ్లో ఆర్‌ఓ నీళ్లో పోసేవాళ్లకి మాత్రం అదనంగా ఇవ్వాల్సి రావచ్చు.

గుడ్డు పెంకుల్లో దాదాపు 95 శాతం కాల్షియం కార్బొనేటే. అయితే ముక్కలుగా వేస్తే నెలల తరబడి అలాగే ఉంటాయి. కడిగి, ఎండబెట్టి, మిక్సీలో మెత్తటి పిండిలా పట్టి, కుండీ నింపేటప్పుడే కలపాలి. ఇది వచ్చే పంటకి పెట్టుబడి, ఈరోజు మచ్చకి వైద్యం కాదు. జిప్సమ్ అంతకంటే త్వరగా కరుగుతుంది, మట్టిలో క్షారగుణాన్నీ పెంచదు. 12 అంగుళాల కుండీకి ఒక చెంచా చాలు. తడిసున్నం జోలికి మాత్రం వెళ్లొద్దు. దాని ఘాటుకి వేళ్లు మాడతాయి, ఇనుము అందక లేతాకులు పసుపెక్కుతాయి.

తొందరగా అందాలంటే కాల్షియం నైట్రేట్. లీటరు నీటికి 3 గ్రాములు కలిపి, చల్లటి వేళ లేత పిందెలమీద పడేలా పిచికారీ చేయాలి. ఆకులమీద పడింది కాయకి చేరదు. దీన్ని ఎప్సమ్ సాల్ట్‌తో గానీ, భాస్వరం ఎరువులతో గానీ ఒకే నీళ్లలో కలపొద్దు. రెండూ కలిసి తెల్లటి మడ్డిగా అడుగున దిగిపోతాయి.

మచ్చపడిన కాయ మళ్లీ బాగుపడదు. తెంపేస్తే ఆ బలం మిగతా పిందెలకి వెళ్తుంది. బూజు లేకపోతే మచ్చ కోసేసి మిగతాది కూరలో వేసుకోవచ్చు. ఇక రెండు వారాలపాటు తడి తప్పకుండా చూసుకోండి. తర్వాత కట్టే కాయలు శుభ్రంగా వస్తే, మీ కుండీకి లోటు ఏమిటో తేలిపోయినట్టే. అప్పుడు పెంకుల డబ్బా వచ్చే సీజన్‌కి దాచుకోవచ్చు.