మీకు తెలుసా? చీపురు నుంచి రోబో దాకా శుభ్రత వింతలు!

వాకిలి ఊడ్చే చీపురు వెనక, మురుగు లాగే యంత్రం వెనక ఎన్ని విచిత్రాలున్నాయో! దుగ్గిరాల పసుపు యార్డు దగ్గర మొదలుపెట్టి లండన్ వీధుల దాకా ఏరి తెచ్చాను. పిల్లలూ పెద్దలూ కలిసి చదవండి!

● పసుపు కొమ్ములు పట్టుకున్న చెయ్యి తెల్ల చొక్కాకు తగిలింది. ఆ మరక మీద సబ్బు రుద్దితే ఏమవుతుందో చెప్పగలరా? పోకపోగా ఎర్రగా మారిపోతుంది! సబ్బులోని క్షారం తగలగానే పసుపులోని కర్కుమిన్ రంగు మారుతుంది. అదే చొక్కా ఉతికి ఎండలో ఆరేస్తే ఏ రసాయనమూ అక్కర్లేకుండానే మరక క్రమంగా వెలిసిపోతుంది.

● 9 కిలోమీటర్ల పొడవున్న పోగు ఒక్క గ్రాము కూడా తూగదంటే నమ్ముతారా? దుగ్గిరాల నుంచి తెనాలి దారి పొడవునా దాదాపు పరిచేయొచ్చు! ఆసుపత్రుల్లో, హోటళ్లలో నేల తుడిచే మైక్రోఫైబర్ గుడ్డ పోగులు అంత సన్నవి కాబట్టే, ఉత్త నీళ్లతో తుడిచినా దుమ్మును పట్టేస్తాయి.

● బైకులు కడిగే ప్రెషర్ వాషర్‌లో ఒత్తిడి 100 బార్లు ఉంటే, అది కిలోమీటరు ఎత్తున నిలబెట్టిన నీటి ఒత్తిడితో సమానం. అంటే 124 మీటర్ల నాగార్జున సాగర్ ఆనకట్టలు ఎనిమిదింటిని ఒకదాని మీద ఒకటి పేర్చినంత! పని చేసేది ఒత్తిడే కాబట్టి, మామూలు గొట్టంతో కడిగినప్పటికన్నా నీళ్లు తక్కువ ఖర్చవుతాయి.

● మొదటి మోటారు వ్యాక్యూమ్ క్లీనర్‌ను గుర్రాలు లాక్కెళ్లేవి! 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ చేసిన ఆ యంత్రం గుమ్మంలో పట్టేది కాదు. వీధిలోనే నిలిపి, పొడవాటి గొట్టాలను కిటికీల్లోంచి లోపలికి పంపేవారు.

● ఫ్యాను మోటారు, సబ్బుల పెట్టె, చీపురు కర్ర, దిండు గలీబు. ఈ నాలుగింటితో ఏం చేయొచ్చు? 1907లో అమెరికాలో జేమ్స్ స్పాంగ్లర్ చేత్తో పట్టుకుని తిప్పే వ్యాక్యూమ్ క్లీనర్ చేసేశాడు! ఆయన ఒక దుకాణంలో నేల ఊడ్చే పనివాడు. ఊడ్చేటప్పుడు లేచే దుమ్ముతో తనకు వచ్చే ఆయాసమే ఆ యంత్రాన్ని కనిపెట్టించింది.

● 900 వాట్లు దాటిన ఇంటి వ్యాక్యూమ్ క్లీనర్లను యూరోపియన్ యూనియన్ 2017 సెప్టెంబరు నుంచి కొత్తగా మార్కెట్లోకి రానివ్వడం లేదు! 2014లో ఆ హద్దు 1,600 వాట్లు. మోటారునూ గాలి దారినీ మెరుగుపరిస్తే తక్కువ కరెంటుతోనూ దుమ్ము లాగొచ్చన్నది ఈ నిబంధన వెనక ఆలోచన.

● మనం ఇల్లు ఊడ్చే కొండ చీపురు నిజానికి గడ్డి పూల కంకుల కట్ట! కంకులు కోసినా దుబ్బు బతికే ఉండి మళ్లీ పూస్తుంది. మన్యంలో గిరిజనులు ఏరి తెచ్చే ఈ చీపుళ్లను 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ కొంటుంది.

● నురగ వచ్చే కాయలు చెట్టుకే కాస్తాయి! కుంకుడు కాయలోని సపోనిన్లు సబ్బులాగే జిడ్డును వదిలిస్తాయి, పని అయ్యాక మట్టిలో సులువుగా కలిసిపోతాయి.

● మన తాటిచెట్టు నార ఒకప్పుడు ఓడలెక్కి కాకినాడ రేవు నుంచి విదేశాలకు వెళ్లింది! తాటిమట్ట మొదలు నుంచి తీసే ఈ నార బిరుసైనది, తడికి తట్టుకునేది కాబట్టి గట్టి బ్రష్షులకు, చీపుళ్లకు వాడేవారు.

● 75,000 ఇనుప నట్లు కలిస్తే ఎవరవుతారు? 10 అడుగుల గాంధీజీ! చెత్తకు పోయే తుక్కు ఇనుముతో బొమ్మలు చేసే తెనాలి శిల్పులు నట్లను వెల్డింగ్‌తో అతికి ఈ విగ్రహం నిలబెట్టారు.

● దుగ్గిరాల పొరుగునే ఉన్న తాడేపల్లిలో 2023 జూన్‌లో చెత్త సేకరణకు 516 ఈ-ఆటోలు ఒక్కరోజే జెండా ఊపించుకున్నాయి! 36 మున్సిపాలిటీలకు ఇచ్చిన ఈ బండ్లకు డీజిలూ లేదు, పొగా లేదు.

● ప్రతి 10,000 పాళ్ల గాలిలో ఒక్క పాలు హైడ్రోజన్ సల్ఫైడ్ చేరితే చాలు, కాసేపటికే ముక్కు పనిచేయడం మానేస్తుంది! దాని కుళ్లిన గుడ్డు వాసన పోయింది కదా అని మ్యాన్‌హోల్‌లో దిగితే ప్రాణం మీదికొస్తుంది. అందుకే గాలిని ముక్కుతో కాదు, గ్యాస్ మీటరుతో పరీక్షించాలి.

● హైదరాబాద్ ఇరుకు సందుల్లో మురుగు తీయడానికి జలమండలి 2017లో 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను దింపింది, వాటి యజమానులు దళిత పారిశ్రామికవేత్తలు! ఈ పద్ధతి చూసి ఢిల్లీ 2019లో ఏకంగా 200 యంత్రాలు తెచ్చుకుంది.

● మనిషి బదులు మ్యాన్‌హోల్‌లోకి దిగే రోబో కూడా ఉంది! కేరళ యువ ఇంజనీర్లు చేసిన ‘బాండికూట్’ 2018లో తిరువనంతపురంలో పని మొదలుపెట్టింది. లోపల అది పూడిక తీస్తుంటే కార్మికుడు పైనే నిలబడి తెర మీద చూస్తూ నడిపిస్తాడు.

● కోలారు గనుల ఊళ్లో, పారిశుద్ధ్య కార్మికుల ఇంట పుట్టిన బెజవాడ విల్సన్ 2016లో రామన్ మెగసెసే పురస్కారం అందుకున్నారు! ఆయన నడిపే సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులోనే సుప్రీంకోర్టు 2014లో మురుగు మరణాలకు 10 లక్షల పరిహారం ఇవ్వాలంది. 2023లో మరో కేసులో దాన్ని 30 లక్షలు చేసింది.

● రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపితే, మొదటి తప్పుకే 2 ఏళ్ల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ! 2013 నాటి చట్టం ఈ శిక్ష పెట్టింది దిగినవారికి కాదు, దింపినవారికి. మీ ఇంటి ట్యాంకు నిండితే మురుగు లాగే బండినే పిలవండి. మనిషిని మాత్రం దింపనివ్వకండి!