సమాధి మీద పేరు లేకపోతే?

సిరికొండ నుంచి ఆర్మూర్ దిక్కు బండి మీద పోతుంటే చేల గట్ల పక్కన అక్కడక్కడ సమాధులు కనబడతాయి కదా. వాటి మీద పేరు, తేదీలు, ఒక్కోసారి ఫొటో కూడా ఉంటాయి. పోయినవాళ్లను దారి పక్కన ఎందుకు ఉంచుతారని ఎప్పుడన్నా అనుకున్నారా?

పాత రోమ్‌లో దీని వెనక ఒక చట్టమే ఉండేది. క్రీ.పూ. 450 ప్రాంతంలో వచ్చిన పన్నెండు పట్టికల చట్టం, నగరం లోపల శవాన్ని పూడ్చొద్దు, కాల్చొద్దు అని చెప్పింది. దాంతో సమాధులన్నీ ఊరు దాటాక రోడ్డుకు రెండు పక్కలా లేచాయి. క్రీ.పూ. 312లో మొదలుపెట్టిన అప్పియన్ రోడ్డు మీద వాటిని ఇప్పటికీ చూడొచ్చు. వచ్చేపోయేవాళ్లు ఒక్క నిమిషం ఆగి పేరు చదవాలి, అదీ వాళ్ల ఆశ. యూరిసాకెస్ అనే రొట్టెల వ్యాపారి సమాధి మీదైతే పిండి పిసకడం, రొట్టెలు కాల్చడం బొమ్మలుగా చెక్కి ఉంటాయి. రెండు వేల ఏళ్లు దాటినా ఆయన పేరూ పనీ మనకు తెలుసు. ఏటా ఫిబ్రవరిలో పరెంటాలియా అని పెద్దల రోజులు వచ్చేవి. అప్పుడు ఇంటిల్లిపాదీ పూలదండలు, తిండి తీసుకుని సమాధుల దగ్గరికి పోయేవాళ్లు. మనం పెత్రమాసకు పెద్దలకు బియ్యం ఇస్తాం చూడండి, అలాంటిదే అన్నమాట.

మరి మన దగ్గర? అప్పియన్ రోడ్డు కంటే పాత సమాధులు తెలంగాణలో చాలా ఉన్నాయి. హైదరాబాద్‌లో మౌలాలి, హష్మత్‌పేట, సిద్దిపేట జిల్లాలో నర్మెట, పినపాక దగ్గర జానంపేట. ఇవి ఇనుప యుగం నాటివి. భూమిలో రాతి పలకలతో పెట్టెలాగా కట్టి, ఎముకలు, నలుపు ఎరుపు కుండలు, ఇనుప పనిముట్లు పెట్టేవాళ్లు. చాలాచోట్ల పైన బండరాళ్లు గుండ్రంగా పేర్చేవాళ్లు.

కానీ వాటి మీద ఒక్క అక్షరం ఉండదు. పేరు లేదు కాబట్టి జనం రాకాసి గుళ్లు అన్నారు. రాకాసి అనగానే గుప్తనిధుల ఆశ, గడ్డపారలు. చేను చదును చేస్తూ జేసీబీతో లేపేసినవి కూడా ఉన్నాయి.

ఇక్కడే అసలు నష్టం. రోమ్ రాయిని మ్యూజియంలో పెట్టినా పేరు చెబుతుంది. మన రాయికి నోరు లేదు. ఏ కుండ ఏ ఎముక పక్కన ఉంది, తల ఏ దిక్కుకు ఉంది, అదే దాని రాత. ఒక్కసారి తవ్వి కలిపేస్తే ఇక ఎవరూ చదవలేరు.

కృష్ణా నది పక్కన ముడుమాల్ సంగతి వేరు. అక్కడి నిలువురాళ్లను ఊరివాళ్లు నిలురాళ్ల తిమ్మప్ప అని మొక్కుతారు. పేరు పెట్టారు, కాపాడుకున్నారు. 2025లో ఆ చోటు యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది.

మీ చేనులో రాళ్ల వలయం కనబడితే తవ్వకండి, కుండపెంకు కూడా ఇంటికి తేకండి. ఫోన్లో ఫొటో తీసి, లొకేషన్‌తో పురావస్తు శాఖకు చెప్పండి. ఆ మనిషి పేరు మనకు ఎలాగూ దొరకదు. చోటన్నా మిగలనిద్దాం. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.