నేరం వేరు, నింద వేరు



ఈ పూట వంటల సంగతీ, ఊరగాయల సంగతీ పక్కన పెట్టి, చట్టం సంగతులు నాలుగు మాట్లాడుకుందామని వచ్చాను. "చట్టంతో మనకేం పనమ్మా, కోర్టు గుమ్మం ఎక్కకుండా బతికితే అంతే చాలు" అంటారేమో. మొన్నమొన్నటిదాకా నేనూ అదే అనుకునేదాన్ని.

మా పక్కవాటాలో ఉండే అమ్మాయి లా చదివి, ప్రాక్టీసు చేసుకుంటూ, జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకి తయారవుతోంది. సాయంత్రం కాగానే పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టి, "పిన్నిగారూ, మీరు ప్రశ్నలడగండి, నేను జవాబులు చెబుతాను. తప్పు చెబితే ఆపండి" అంటుంది. నేను చదివింది మెట్రిక్ వరకే అయినా, పుస్తకం చూసి తప్పు పట్టడానికి ఆ చదువు చాలు కదండీ! చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ నేను అడగడం, ఆ పిల్ల చెప్పడం. వింటూ వింటూ నాకూ కొంత బోధపడింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా మేడమీద వాటాలో ఉంగరం పోయింది. ఆ ఇల్లాలు పిండి కలుపుతూ ఉంగరం తీసి కుళాయి దగ్గర పెట్టిందట. తర్వాత చూసుకుంటే లేదు. ఆ సమయంలో ఇంట్లో ఉన్న పైమనిషి పనిమనిషి ఒక్కతే. ఇంకేముంది! నలుగురం పోగయ్యాం. ఆమె మూట విప్పించారు, కొంగు దులిపించారు. ఏమీ దొరకలేదు. "నిజం చెప్పేదాకా ఇక్కడే ఉండు" అని సామాన్ల గదిలోకి పంపి గడియ పెట్టారు. రెండు గంటలు. లోపల్నుంచి ఆమె ఏడుపు వినిపిస్తూనే ఉంది. చివరికి ఆమె కొడుకు వచ్చి బతిమాలుకుంటే వదిలిపెట్టారు. నేను గడియ పెట్టలేదు. కానీ అక్కడే, ఆ గుమ్మంలోనే నుంచున్నాను.

ఆ రాత్రి ఆ పిల్లని అడిగాను, "ఇందులో నేరం ఎవరిదే?" అని. ఆ పిల్ల చెప్పిన జవాబే ఈనాటి నా ప్రసంగం.

ముందు పుస్తకాల సంగతి. మనం చిన్నప్పట్నుంచీ వింటూ వచ్చిన ఇండియన్ పీనల్ కోడ్ 1860 నాటిది. దాన్ని మెకాలే దొరగారి లా కమిషన్ రాసిపెట్టింది. ఇప్పుడు దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పోలీసులూ, కోర్టులూ నడుచుకోవలసిన పద్ధతి చెప్పే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత, 1872 నాటి సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చాయి. ఈ మూడూ 2024 జులై 1 నుంచి అమలులో ఉన్నాయి. అంతకు ముందు జరిగిన నేరాలకి మాత్రం పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది. అందుకని పరీక్షకి చదివే పిల్లలకి పాత నంబర్లూ, కొత్త నంబర్లూ రెండూ కంఠతా రావాలి. హత్యకి శిక్ష చెప్పే 302 ఇప్పుడు 103 అయింది. మోసానికి మారుపేరైపోయిన 420 ఇప్పుడు 318లోకి చేరింది. నంబర్లు మారాయి గానీ, లోపలి సూత్రాలు చాలావరకు పాతవే.

మొదటి సూత్రం: చేతిలో చెడ్డపని, మనసులో చెడ్డతలపు, రెండూ కలిస్తేనే సాధారణంగా నేరం. ఒకటుండి ఒకటి లేకపోతే చాలదు. పెళ్ళివారింట్లో మన చెప్పులనుకుని ఇంకొకరి చెప్పులు వేసుకొచ్చేస్తాం. పని జరిగింది, తలపు లేదు. అది దొంగతనం కాదు. ఏడేళ్ళ లోపు పిల్లలు ఏం చేసినా చట్టం నేరమనదు. ఆ వయసులో మంచిచెడ్డల తలపే పుట్టదని దాని ఉద్దేశం.

ఇక దొంగతనం. దానికి అయిదు దినుసులు కావాలట. కదిలించగల వస్తువై ఉండాలి. అది ఇంకొకరి స్వాధీనంలో ఉండాలి. వాళ్ళ అనుమతి లేకుండా తియ్యాలి. దుర్బుద్ధితో తియ్యాలి. తీసుకోవడం కోసం దాన్ని కాస్తయినా కదిలించాలి. ఉప్పు లేని పప్పు పప్పు కానట్టే, వీటిలో ఏ ఒక్కటి తగ్గినా దొంగతనం దొంగతనం కాదు.

ఇందులో మనకి ముచ్చట కలిగించేవి ఉన్నాయి. చెట్టుకున్న పువ్వు నేలకి అతుక్కున్న ఆస్తి కిందే లెక్క. కోసిన క్షణం నుంచి అది కదిలే వస్తువు. కాబట్టి తెల్లవారకుండా పక్కింటివారి మందారాలు కోసుకొచ్చే భక్తురాళ్ళు కాస్త ఆలోచించుకోవాలి! ఇంకొకటి. అడుక్కోవడానికి వచ్చినవాడికి ఇల్లాలు డబ్బో, బట్టలో ఇస్తుంది. అవి భర్తవని వాడికి తెలుసు. అయినా, దానం చేసే అధికారం ఇల్లాలికి ఉంటుందిలే అని వాడు నమ్మి పుచ్చుకుంటే అది దొంగతనం కాదని 1860లోనే ఉదాహరణ రాసిపెట్టారు.

దొంగతనానికి చూడవలసింది సొంతదారు ఎవరన్నది కాదు, స్వాధీనంలో ఎవరికి ఉందన్నది. గడియారం బాగు చెయ్యడానికి ఇచ్చాం. కూలి ఇచ్చేదాకా దాన్ని హామీగా ఉంచుకునే హక్కు ఆ పనివాడికి ఉంది. కూలి ఎగవేద్దామని మన గడియారమే మనం చెప్పకుండా పట్టుకొచ్చేస్తే అది దొంగతనమే. "మళ్ళీ పెట్టేద్దామని తీశాను" అన్నా చెల్లదు. రాజస్థాన్‌లో ఒక ఉద్యోగి ఆఫీసు ఫైలు ఇంటికి పట్టుకెళ్ళి స్నేహితుడికి చూపించి, మర్నాడు తిరిగి పెట్టించేశాడు. కొద్దిసేపటికే అయినా దొంగతనం దొంగతనమేనని 1962లో సుప్రీంకోర్టు తేల్చింది.

నమ్మి అప్పగించిన వస్తువు తిరిగి ఇవ్వకుండా వాడుకుంటే దాని పేరు నమ్మకద్రోహం. ఇది ఆడవాళ్ళం బాగా గుర్తుపెట్టుకోవాలి. పుట్టింటివారూ, అత్తింటివారూ, బంధువులూ మనకని పెట్టిన నగలూ, చీరలూ, వెండిసామానూ స్త్రీధనం. దానిమీద సంపూర్ణ హక్కు మనదే. అత్తగారి బీరువాలో దాచినంత మాత్రాన వారిది కాదు. మనం అడిగినప్పుడు ఇవ్వకుండా తమ సొంతం చేసుకుంటే, భర్తమీదైనా, అత్తమామల మీదైనా ఈ నేరం కింద కేసు నడవవచ్చునని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

హత్య గురించి చదివిస్తున్నప్పుడు మాత్రం నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఆగిపోయింది. పరీక్షకి కూర్చునే ప్రతివారూ చదివే కేసట అది. 1876, బొంబాయి హైకోర్టు. గోవింద అనే 18 ఏళ్ళ కుర్రవాడు, భార్యకి 15 ఏళ్ళు. ఏదో కోపంలో తన్నాడు, వీపుమీద గుద్దాడు. ఆ పిల్ల కిందపడింది. గుండెలమీద మోకాలు పెట్టి మొహంమీద పిడికిలితో రెండు మూడు దెబ్బలు వేశాడు. మెదడులో రక్తం చిమ్మి ప్రాణం పోయింది. ఇది హత్యా, కాదా? చంపాలన్న ఉద్దేశం కనబడలేదు, ఆ దెబ్బ మామూలుగా ప్రాణం తీసి తీరేంత దెబ్బా కాదు, కాబట్టి ఇది హత్య కాదు, హత్య కాని నరహత్య అన్నారు న్యాయమూర్తి మెల్విల్‌గారు. ప్రాణం పోవచ్చు అన్న దెబ్బకీ, పోయి తీరుతుంది అన్న దెబ్బకీ మధ్య ఉన్న గీత అది. ఆ గీత ఎటువైపు అన్నదాన్ని బట్టే శిక్ష మారుతుంది. హత్యకి ఉరి గానీ యావజ్జీవం గానీ. రెండోదానికి ఉరి లేదు.

"ఆ పిల్ల పేరేమిటే?" అని అడిగాను. "కేసుకి గోవింద పేరే ఉంది పిన్నిగారూ, ఆమె పేరు నా పుస్తకంలో లేదు" అంది.

ఇంట్లో పెట్టే హింసకంటూ ప్రత్యేకంగా సెక్షను 1983లో గానీ రాలేదు. అదే 498ఎ. ఇప్పుడు 85, 86 అయింది. భర్త గానీ, అతని తరఫువారు గానీ క్రూరంగా హింసిస్తే మూడేళ్ళ దాకా శిక్ష. 1986లో వరకట్న మరణం చేర్చారు. పెళ్ళయిన ఏడేళ్ళలోపు భార్య కాలిన గాయాలతోనో, అసహజంగానో చనిపోయి, అందుకు కొద్దికాలం ముందు కట్నం కోసం వేధించారని రుజువైతే, ఆ మరణానికి వాళ్ళే కారకులని కోర్టు భావిస్తుంది. కాదని వాళ్ళే రుజువు చేసుకోవాలి.

మామూలు నేరాల్లో అలా కాదు. నేరం మోపినవారే రుజువు చెయ్యాలి. అదీ సందేహానికి తావు లేకుండా. సందేహం మిగిలితే దాని లాభం ముద్దాయికే. పోలీసుల ముందు "నేనే చేశాను" అని ఒప్పుకున్నా, ఆ ఒప్పుకోలును ముద్దాయి మీద సాక్ష్యంగా వాడకూడదు. ఎందుకంటారా? భయం పెడితే మనిషి ఏదైనా ఒప్పుకుంటాడు కనక.

ఇప్పుడు ఉంగరం దగ్గరికి వద్దాం. పనిమనిషి దొంగిలించినట్టు ఉన్న ఆధారమేమిటి? ఆ వేళకి ఆమె ఇంట్లో ఉండడం. అంతే. అయిదు దినుసుల్లో ఒక్కటీ ఎవరూ చూడలేదు. కళ్ళముందు అలాంటి నేరం చేసినవారిని మామూలు మనుషులం పట్టుకోవచ్చు గానీ, ఆలస్యం చెయ్యకుండా, ఆరు గంటలలోపు పోలీసులకి అప్పగించాలి. కళ్ళతో చూడనిదానికి ఆ హక్కూ లేదు. అరెస్టయిన స్త్రీని సోదా చెయ్యాలంటే పోలీసులు సైతం ఇంకొక స్త్రీ చేత, మర్యాద తప్పకుండా చేయించాలి. మనం ఎవరమండీ ఆమె కొంగు దులపడానికి?

ఇక గది గడియ. ఒక మనిషిని ఎటూ కదలనివ్వకుండా గదిలో పెట్టడం అక్రమ నిర్బంధం. ఏడాది దాకా జైలు, లేదా అయిదువేల దాకా జరిమానా, లేదా రెండూ. అంటే ఆ రోజు మా మేడలో ఖాయంగా జరిగిన నేరం ఒకటే. అది చేసింది పనిమనిషి కాదు.

"మరి నేను గుమ్మంలో నుంచున్నానుగా, నా సంగతేమిటి?" అన్నాను. దానికి ఇంకో కేసు చెప్పింది. 1923లో కలకత్తాలో శంకరీటోలా పోస్టాఫీసులో పోస్టుమాస్టరుని దోపిడీకి వచ్చినవాళ్ళు కాల్చి చంపారు. బరేంద్రకుమార్ ఘోష్ అన్నతను, నేను బయట నుంచున్నానంతే అన్నాడు. అందరి ఉద్దేశమూ ఒకటైనప్పుడు బయట కాపలా నుంచున్నవాడూ పాలుపంచుకున్నట్టేనని ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. "అయితే ఉద్దేశం కలవకుండా ఊరికే అక్కడ ఉన్నంత మాత్రాన నేరం కాదు పిన్నిగారూ. మీరు చూస్తూ నుంచున్నారా, అడ్డంగా నుంచున్నారా?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు.

చివరగా, అవసరానికి పనికివచ్చేవి చెబుతాను. ఇంట్లో వస్తువు పోతే ముందు ఇల్లంతా వెతకండి. అప్పటికీ దొరక్కపోతే పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇవ్వండి. వారెంటు లేకుండా పట్టుకోదగ్గ నేరం జరిగిందని ఫిర్యాదులో ఉంటే ఎఫ్.ఐ.ఆర్. రాసి తీరాలని 2013లో లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. "ఇది మా హద్దు కాదు" అని తిప్పి పంపడానికి లేదు. ఏ స్టేషనులోనైనా రాసుకుని, సంబంధించిన స్టేషనుకి వాళ్ళే పంపాలి. దీన్నే జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. నకలు ఉచితంగా ఇస్తారు, అడిగి తీసుకోండి. రాసుకోకపోతే జిల్లా ఎస్పీగారికి పోస్టులో పంపవచ్చు. అప్పటికీ కాకపోతే మేజిస్ట్రేటుగారున్నారు.

సాక్ష్యం చెప్పమని పోలీసులు స్త్రీలని స్టేషనుకి రమ్మనకూడదు, వాళ్ళే ఇంటికి వచ్చి అడగాలి. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు స్త్రీని అరెస్టు చెయ్యకూడదు. తప్పనిసరి అయితే మేజిస్ట్రేటు అనుమతితో, మహిళా పోలీసు అధికారే చెయ్యాలి. ఎవరిని అరెస్టు చేసినా 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఇవి మనకెంత వర్తిస్తాయో, మన ఇంట్లో అంట్లు తోమే ఆమెకీ అంతే వర్తిస్తాయి.

ఆ ఉంగరం ఈనాటికీ దొరకలేదు. ఎవరు తీశారో, అసలు ఎవరైనా తీశారో లేదో, కుళాయి నీళ్ళతో కాలవలో పోయిందో తెలియదు. పనిమనిషి మర్నాటినుంచి మా వీధికే రావడం మానేసింది. నాలుగిళ్ళ జీతం పోగొట్టుకుంది. నేను వాకబు చేసి వాళ్ళింటికి వెళ్ళి, జరిగినదానికి తప్పయిందని చెప్పి, మా ఇంటికి రమ్మని అడిగాను. "చూస్తాలేమ్మా" అంది. ఇంకా రాలేదు.

వచ్చేవారం మళ్ళీ కలుసుకుందాం. సెలవు.